పైసా తీసుకోని టెలిస్కోపు: గేలెక్స్ బొమ్మలతో రెండేళ్లు

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసి, 2020 జనవరి ఆఖర్న వీఆర్ఎస్ పుచ్చుకున్నవాణ్ణి. ఊరు నెల్లూరు. ఖగోళశాస్త్రం ఏ కాలేజీలోనూ చదవలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే నేను రివ్యూ రాస్తున్నది మిక్సీ గురించో మెస్సు గురించో కాదు. గేలెక్స్ అనే అంతరిక్ష టెలిస్కోపు అతినీలలోహిత కాంతిలో తీసిన గెలాక్సీల బొమ్మల గురించి. ఆ టెలిస్కోపు 2013లోనే ఆగిపోయింది. అది తీసిన బొమ్మలు మాత్రం ఎవరడిగినా ఇస్తారు, ఊరికే. రెండేళ్లుగా వాడుతున్నాను కాబట్టి మంచీ చెడూ చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నా.

మొదలు ఎలా అయిందంటే, రిటైరయ్యాక మేడ మీదికి 130 మిల్లీమీటర్ల టెలిస్కోపు ఒకటి కొన్నాను. శని వలయాలు, గురుడి చందమామలు చూశాం. మనవరాలు ఎగిరి గంతేసింది. ఆ తర్వాత గెలాక్సీల మీద పడ్డాను. ఎం83 అని ఒకటి ఉంది, మనకు దక్షిణాన బాగా పైకే వస్తుంది, వేసవి రాత్రుల్లో. మా వీధిలో ఎల్‌ఈడీ లైట్లు పెట్టాక ఆ గెలాక్సీ నా కంటికి ఎలా కనిపించేదంటే, నల్ల గచ్చు మీద మజ్జిగ చుక్క పడితే తుడిచేశాక మిగిలే మరకలాగా. మనవరాలు కన్ను ఆనించి, "ఏం లేదు తాతయ్యా" అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు.

ఎం83 అసలు ఎలా ఉంటుందో చూద్దామని వెతుకుతుంటే అతినీలలోహిత బొమ్మ కనబడింది. మామూలు ఫోటోలో గెలాక్సీ ఒక సుడిగుండంలా తిరిగి ఒక చోట అయిపోతుంది, అంచు తెలుస్తుంది. ఈ బొమ్మలో అంచు దాటాక కూడా చుక్కలు, తీగలు తీగలుగా, చాలా దూరం దాకా ఉన్నాయి. ముగ్గు వేసిన తర్వాత చేతికి మిగిలిన పిండిని బయటికి విదిలించినట్టు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెబితే అతిశయోక్తి అవుతుంది, పట్టింది. కానీ పొద్దున లేచి కాఫీ తాగకుండానే లాప్‌టాప్ తెరిచాను.

ముందు సరుకు వివరాలు. గేలెక్స్ నాసావారి చిన్న మిషన్. అద్దం వ్యాసం 50 సెంటీమీటర్లే, అంటే మా ఇంట్లో అప్పడాలు వేయించే మూకుడు కన్నా కాస్త పెద్దది. 2003 ఏప్రిల్ 28న, ఫ్లోరిడా తీరం దాటాక అట్లాంటిక్ మీద ఎగురుతున్న విమానం పొట్ట కింది నుంచి పెగాసస్ రాకెట్‌ను జారవిడిచి పంపారు. సుమారు 700 కిలోమీటర్ల ఎత్తులో తిరిగింది. అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ మార్టిన్ అనే ఆయన నాయకత్వం. ఫ్రాన్సు, దక్షిణ కొరియా చెయ్యి వేశాయి. 29 నెలలు పనిచేస్తే చాలనుకున్నది పదేళ్లు పనిచేసింది. మొట్టమొదటి బొమ్మల్ని ఆ ఏడాది ఫిబ్రవరిలో కూలిపోయిన కొలంబియా షటిల్ సిబ్బందికి అంకితం చేశారు. మన కల్పనా చావ్లా ఉన్న షటిల్ అది. ఈ సంగతి చదివినప్పుడు లాప్‌టాప్ మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అతినీలలోహిత కాంతే ఎందుకంటారా? మన ఓజోను పొర దాన్ని కిందికి రానివ్వదు, అందుకని పైకి వెళ్లక తప్పదు. సూర్యుడి లాంటి నడివయసు నక్షత్రాలు ఆ కాంతిలో దాదాపు కనబడవు. బాగా వేడిగా, నీలంగా మండే కుర్ర నక్షత్రాలే వెలుగుతాయి. అవి ఎక్కువ కాలం బతకవు. కాబట్టి గెలాక్సీలో ఎక్కడ అతినీలలోహిత కాంతి కనిపిస్తే అక్కడ గత పది కోట్ల ఏళ్ల లోపు నక్షత్రాలు పుట్టాయని అర్థం. ఊళ్లో ఏ ఇళ్లలో చంటిపిల్లలున్నారో తెలియాలంటే దండెం మీద ఆరేసిన లంగోటీలు చూసినట్టే.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎక్స్ఛేంజీ మనిషిగా నచ్చింది, గేలెక్స్ లెక్క రాసే పద్ధతి. పాత స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలో ఒక్కో చందాదారుకూ ఒక్కో మీటరు ఉండేది. పల్సు వచ్చినప్పుడల్లా అంకె తిరిగేది. నెలాఖరుకు మొత్తం ఎంతో తెలుస్తుంది, అంతే. ఏ ఫోన్ కాల్ ఎప్పుడు వెళ్లిందో ఆ మీటరుకు తెలియదు. బిల్లు ఎక్కువొచ్చిందని జనం వచ్చి పోట్లాడేవాళ్లు, మా దగ్గర చూపించడానికి ఆ అంకె తప్ప ఏమీ ఉండేది కాదు. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాక ప్రతి కాలుకూ టైముతో సహా విడి రికార్డు. మామూలు కెమెరా సెన్సరు పాత మీటరు లాంటిది, షట్టరు మూసేదాకా పోగేసి మొత్తం చెబుతుంది. గేలెక్స్ డిటెక్టరు రెండో రకం. ఒక్కో ఫోటాన్, అంటే కాంతి రేణువు, వచ్చి తగిలినప్పుడు ఎక్కడ తగిలింది, ఏ క్షణాన తగిలింది అని విడిగా రాసుకుంటుంది. కోటిన్నర కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన కాలు, కాల్ రికార్డుతో సహా! పదేళ్లలో లక్ష కోట్లకు పైగా అలాంటి పద్దులు పోగయ్యాయి. వాటిని ఫోటాన్ ఫోటాన్‌గా వెతుక్కోవడానికి జీఫోటాన్ అని ఒక సాఫ్ట్‌వేర్ కూడా విడుదల చేశారు. అది నడపాలంటే పైథాన్ అనే కంప్యూటర్ భాష రావాలి. మా అబ్బాయి ఫోనులో రెండు ఆదివారాలు నేర్పాడు. మూడో ఆదివారం వాడికి పనిబడింది.

వాడకం సంగతికొద్దాం. రెండు దారులున్నాయి. ఒకటి సులువు. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ వాళ్లు నడిపే అలాదీన్ లైట్ అనే పేజీ, ఫోనులో కూడా తెరుచుకుంటుంది. అందులో గెలాక్సీ పేరు కొట్టి, సర్వేల జాబితాలో గేలెక్స్ ఎంచుకుంటే రంగుల బొమ్మ వచ్చేస్తుంది. కింద మామూలు ఫోటో, పైన గేలెక్స్ బొమ్మ పెట్టి, పైదాన్ని మెల్లగా పలచన చేస్తూ పోతే రెంటికీ తేడా కళ్లముందే తెలుస్తుంది. నా సలహా, కొత్తవాళ్లు నెల రోజులు ఇక్కడే గడపండి.

రెండో దారి, అసలు ఫైళ్లు దింపుకోవడం. అవి బాల్టిమోర్‌లోని మాస్ట్ అనే భాండాగారంలో ఉన్నాయి. లాగిన్ అక్కర్లేదు. ఒక్కో బొమ్మ 3840 పిక్సెళ్లు అడ్డం, 3840 నిలువు, విప్పితే 59 ఎంబీ. మా అబ్బాయి వదిలేసిన 8 జీబీ లాప్‌టాప్ హాయిగా మోస్తోంది. తెరవడానికి డీఎస్9 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఫైలు పేర్లు చూస్తే మొదట బెంబేలు పడతారు. ఎఫ్‌డి అని ఉంటే దూర అతినీలలోహితం (మన కంటికి కనిపించే కాంతికి దూరంగా ఉండేది), ఎన్‌డి అని ఉంటే సమీప అతినీలలోహితం (దానికి దగ్గరగా ఉండేది), చివర ఇంట్ అని ఉన్నదే మనకు కావలసిన బొమ్మ. మిగతావి ప్రస్తుతానికి ముట్టుకోకండి. ఈ ఒక్క వాక్యం ఎవరైనా నాకు మొదటి రోజు చెప్పి ఉంటే వారం మిగిలేది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఎక్స్‌పోజరు చూసుకోండి. ఆకాశంలో చాలా భాగాన్ని చుట్టేసిన సర్వేలో ఒక్కో చోట సుమారు 100 సెకన్లే ఆగారు. దూర అతినీలలోహిత ఫైలు తెరిస్తే చాలా పిక్సెళ్లలో సున్నా ఉంటుంది. ఇది దండగమారి డేటా అనుకుని మొదట్లో నేను మూసేశాను. దగ్గరి గెలాక్సీల కోసం విడిగా చేసిన సర్వే ఒకటుంది, అందులో ఒక్కోదానికి దాదాపు 1500 సెకన్లు. ఆ లెక్క ఎక్కడిదంటే, టెలిస్కోపు భూమిని చుట్టిరావడానికి గంటా నలభై నిమిషాలకు రెండు నిమిషాలు తక్కువ. అందులో భూమి నీడలో ఉండే సుమారు అరగంట లోపే పని, తక్కిన సమయం పగలు. అంటే ఒక గెలాక్సీకి ఒక రాత్రి షిఫ్టు. 2007లో ఈ బొమ్మలన్నీ కలిపి 1034 గెలాక్సీలతో ఒక అట్లాసు వేశారు. నేను ఆ జాబితా ముందు పెట్టుకుని, వరసగా కాకుండా, బుద్ధి పుట్టినట్టు చూస్తూ పోతున్నాను.

చూసినవాటిలో మీరు తప్పక చూడాల్సినవి చెబుతాను. సప్తర్షి మండలం దగ్గరి ఎం81, ఎం82 రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. దీని చూపు వెడల్పు 1.25 డిగ్రీలు, అంటే రెండున్నర నిండు చందమామలు పక్కపక్కన పెట్టినంత. ఎం81 నడిబొడ్డు మామూలు ఫోటోలో ధగధగలాడుతుంది, ఇక్కడ వెలవెలబోయి చేతులు మాత్రం నీలంగా మెరుస్తాయి. దాని పక్కన హోమ్‌బర్గ్ 9 అనే చిన్న గెలాక్సీ ఉంది. మామూలు ఫోటోలో పట్టించుకోరు కూడా, ఇక్కడ అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అన్నీ కొత్త నక్షత్రాలే. ఎం82 లోపల నక్షత్రాలు విపరీతంగా పుడుతున్నా, ధూళి అడ్డం పడి అతినీలలోహిత కాంతి బయటికి రాదు. కానీ పైకీ కిందికీ ఎగజిమ్ముతున్న ధూళి మీద పడి చెదిరిన కాంతి రెండు వైపులా పొగలా కనిపిస్తుంది.

ఆండ్రోమెడా, అదే ఎం31, ఒక ఫ్రేములో పట్టదు, అతికించాలి. మామూలు ఫోటోలో పెద్ద పళ్లెంలా ఉండేది ఇక్కడ నిప్పు కణికలు పేర్చిన చుట్టులా ఉంటుంది. మధ్యలో గుండ్రటి వెలుగు ఉంటుంది గానీ అది కుర్ర నక్షత్రాలది కాదు, బాగా ముసలివైపోయి మళ్లీ వేడెక్కిన నక్షత్రాలది. అంటే లంగోటీల లెక్క అన్నిసార్లూ నమ్మకూడదు, తాతలవీ ఆరేసి ఉండొచ్చు.

నా మనసు మాత్రం ఎం83 దగ్గరే ఉంది. అంచు దాటాక కనిపించే ఆ చుక్కలు ఒక్కొక్కటీ కొత్తగా పుట్టిన నక్షత్రాల గుంపు. అక్కడ వాయువు పలచన, నక్షత్రాలు పుట్టేంత సరుకు ఉండదని అనుకునేవారు. 2005లో గేలెక్స్ బొమ్మలు చూసి ఆ లెక్క మార్చుకున్నారు. హైడ్రోజన్‌ను చూపే రేడియో పటాన్ని దీని మీద పరిస్తే, బయటి తీగలూ హైడ్రోజన్ చారలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అదే ఏడాది ఎన్‌జీసీ 4625 అనే చిన్న గెలాక్సీలో మరీ విడ్డూరం బయటపడింది. మామూలు కాంతిలో కనిపించే వ్యాసార్ధానికి నాలుగు రెట్ల దూరం దాకా అతినీలలోహిత చేతులు చాచుకుని ఉంది. ఇదేదో ఒకటి రెండింటి వింత అనుకుంటే, తర్వాత లెక్క తీస్తే దగ్గరి సుడి గెలాక్సీల్లో సుమారు 30 శాతానికి ఇలాంటి బయటి పళ్లెం ఉందని తేలింది. గెలాక్సీ ఎక్కడ అయిపోతుంది అనే ప్రశ్నకు నేను మేడ మీద చూసిన మరక ఒక జవాబు, ఫోటో ఇంకో జవాబు, ఇది మూడోది.

ఇక లోపాలు. ఒకటి, బొమ్మ మసక. 4 నుంచి 5 ఆర్క్ సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) కన్నా సూక్ష్మంగా చూడలేదు. హబుల్ బొమ్మలకు అలవాటుపడిన కళ్లతో వస్తే నిరాశ తప్పదు. రెండు, దూర అతినీలలోహిత డిటెక్టరు 2009 మేలో ఆగిపోయింది. ఆ తర్వాతి తేదీ ఉన్న ఫైళ్లలో ఒక రంగే ఉంటుంది. రంగుల బొమ్మ చేయాలంటే పాత తేదీలు చూసుకోండి. మూడు, ప్రకాశవంతమైన నక్షత్రాలున్న చోటికి దీన్ని తిప్పేవారే కాదు, ఆ వెలుగుకు డిటెక్టరు దెబ్బతింటుందని. మా ఎక్స్ఛేంజీలో పిడుగు పడితే కార్డు పోకుండా ముందర ఫ్యూజు పోయేది. పైన ఫ్యూజు మార్చడానికి ఎవరెళ్తారు? అందుకని పాలపుంత పట్టీ చాలా మేరకు ఖాళీ. మీకు ఇష్టమైన గెలాక్సీ ఆ వైపుంటే మీ దురదృష్టం.

నాలుగోది దెయ్యాలు. నిజంగా దాన్ని దెయ్యమనే అంటారు. ఒక రాత్రి ఓ ప్రకాశవంతమైన నక్షత్రం పక్కన చక్కటి గారె ఆకారం కనబడింది, మధ్యలో చిల్లుతో సహా. వలయ గెలాక్సీ కనిపెట్టేశాననుకున్నాను. పదకొండున్నరకి నా పాత సహోద్యోగికి ఫోన్ కొట్టాను. "ఏంది సామీ ఈ టైములో, ఎవరికైనా ఏమైనా అయిందా?" అని కంగారుపడ్డాడు. మర్నాడు మాన్యువల్ చదివితే, వచ్చే కాంతిని రెండు రంగులుగా విడగొట్టే పలక మీద నక్షత్రం వెలుగు ప్రతిఫలించి అలాంటి గారెలు పడతాయని వివరంగా రాసి ఉంది. ఏ చోట దెయ్యముందో గుర్తు పెట్టిన ఫైలు కూడా ఆ బొమ్మతోపాటే ఉంది. తెరవకపోవడం నా తప్పు. ఆ స్నేహితుడు ఇప్పటికీ ఎక్కడ కనిపించినా "గారెలు ఎలా ఉన్నాయి?" అని అడుగుతాడు.

మన ఇస్రోవారి ఆస్ట్రోశాట్ ఉపగ్రహంతో పోల్చకుండా వదిలిపెడితే నెల్లూరువాణ్ణి అనిపించుకోను. 2015 సెప్టెంబరు 28, సోమవారం పొద్దున పది గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ30 లేచినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఎక్స్ఛేంజీ మేడ మీదికెక్కి అందరం దక్షిణం వైపు చూస్తే తెల్లటి గీత పైకి పోవడం కనిపించింది. అందులో యూవిట్ అనే అతినీలలోహిత టెలిస్కోపు ఉందని ఆ రోజు నాకు తెలియదు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ముందుండి చేసింది, 38 సెంటీమీటర్ల అద్దాలు రెండు. దీని బొమ్మ గేలెక్స్ కన్నా మూడు రెట్లు పదును. గేలెక్స్‌లో ఒక్క మచ్చగా ఉన్నది యూవిట్‌లో మూడు నాలుగు గుంపులుగా విడిపోతుంది. అయితే చూపు వెడల్పు 28 ఆర్క్ నిమిషాలే, ఒక చందమామ కన్నా కాస్త తక్కువ. ఆండ్రోమెడాను దాంతో 19 ముక్కలుగా సర్వే చేశారు. సమీప అతినీలలోహిత భాగం 2018లో ఆగిపోయింది, దూరానిది పనిచేసింది. దాని డేటాకు ఇస్రో సైట్లో పేరు నమోదు చేసుకోవాలి.

రెండూ వాడాక నా అభిప్రాయం ఇది. ఒక గెలాక్సీ చేతిలో ఏ గుంపు వయసెంత అని తేల్చాలంటే యూవిట్ వైపు వెళ్లండి. ఊరి పొలిమేర ఎక్కడో చూడాలంటే గేలెక్స్‌ను మించింది ఈ రోజుకీ లేదు. మన ఊరిది మీద అభిమానం ఉన్నా ఈ మాట అనక తప్పదు. నాసావారు యూవెక్స్ అనే కొత్త టెలిస్కోపును 2030లో పంపాలనుకుంటున్నారు, అప్పటికి చూద్దాం. నాకు అప్పటికి డెబ్బై దాటతాయి.

ఎవరికి పనికొస్తుంది? డిగ్రీ ఫిజిక్సు పిల్లలకు ప్రాజెక్టుగా బ్రహ్మాండంగా ఉంటుంది. సెకనుకు ఒక్క ఫోటాన్ లెక్క తేలితే దూర అతినీలలోహితంలో అది 18.82 మాగ్నిట్యూడు (ఖగోళంలో వెలుగు కొలత), సమీపంలో 20.08. ఈ రెండు అంకెలు, కాలిక్యులేటరులో లాగరిథమ్ మీట ఉంటే గెలాక్సీ వెలుగు కొలవొచ్చు. వాట్సాప్ స్టేటస్‌కి అందమైన బొమ్మ కావాలనుకునేవాళ్లు మాత్రం హబుల్ దగ్గరికే వెళ్లండి. ఓపిక లేనివాళ్లకూ ఇది వద్దు. మా ఇంటావిడ మాటల్లో, "ఏమండీ, అర్ధరాత్రి దాకా చుక్కలు లెక్కపెట్టడానికి జీతమేమైనా ఇస్తున్నారా?"

ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఫైలు పేర్ల కోసం తగ్గించాను.

పోయిన నెల ఎం83 బొమ్మను పెద్దగా ప్రింటు వేయిద్దామని ఫోటో స్టూడియోకి పట్టుకెళ్లాను. రంగులు నేనే కలిపాను, దూరానిది నీలం, సమీపానిది పసుపు. అక్కడి కుర్రాడు స్క్రీన్ మీద తెరిచి, పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశాడు. "అంకుల్, మధ్యలో బొమ్మ బాగుంది. చుట్టూ దుమ్ము పడినట్టుంది, ఈ మచ్చలన్నీ తుడిచేసి వేస్తా, ఎక్స్‌ట్రా ఏం అక్కర్లేదు" అన్నాడు. అప్పటికే మౌసు ఒక చుక్క మీద పెట్టేశాడు. వాడి చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

ఇప్పుడది హాల్లో టీవీ పైన ఉంది, మచ్చలతో సహా.